భార్యకు ఎఫ్‌ఎస్‌ఏ ఉంటే భర్త హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేయొచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. 2026 జనవరి నుంచి మా కంపెనీలో హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే హెల్త్ సేవింగ్స్ అకౌంట్) ఉన్న ఫ్యామిలీ ఇన్సూరెన్స్ ప్లాన్ తీసుకున్నాను. భార్య, పాప కూడా అందులోనే ఉంటారు. కంపెనీ 1,000 డాలర్లు వేస్తుంది, మిగతాది పరిమితి వరకు నేనే నింపుదామనుకుంటున్నాను. నా భార్యకు వాళ్ల ఆఫీసులో హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ (జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టి, గడువులోగా వైద్యానికి వాడుకునే ఖాతా) ఉంది, జూన్ 30తో దాని ఏడాది ముగుస్తుంది. విజయవాడలో నాన్నగారికి మోకాలి ఆపరేషన్ చేయించాలి. ఆ బిల్లు హెచ్‌ఎస్‌ఏ నుంచి కట్టొచ్చా? 2027 మధ్యలో ఇండియా వెళ్లిపోయే ఆలోచన ఉంది. అప్పుడు ఈ డబ్బు ఏమవుతుంది?

జవాబు: నాన్నగారి బిల్లు సంగతి తర్వాత చూద్దాం. మీరు మాటవరసకు చెప్పిన ఆ ఎఫ్‌ఎస్‌ఏ విషయం ముందు తేలాలి. అది ఉన్నంతకాలం హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేసే అర్హత మీకు లేదు.

డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు మీరు సొంతంగా భరించాల్సిన మొత్తం. అది ఎక్కువగా ఉన్న ప్లాన్ (2026లో ఫ్యామిలీకి కనీసం 3,400 డాలర్లు) తీసుకుంటే సరిపోదు. డిడక్టిబుల్ దాటకముందే మీ వైద్య ఖర్చులు భరించే మరో కవరేజీ కూడా ఉండకూడదు. సాధారణ హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ భార్య పేరున ఉన్నా, దాని నుంచి భర్త బిల్లులూ కట్టుకోవచ్చు. మీరు ఒక్క బిల్లు పెట్టకపోయినా సరే, పెట్టుకునే వీలుందంటే అర్హత పోయినట్టే. మీ హెచ్‌ఆర్‌కు మీ భార్య ఆఫీసు సంగతులు తెలియవు కాబట్టి వాళ్లు హెచ్చరిస్తారని ఎదురుచూడకండి. మీరే ఈ వారంలో చెప్పి, కంపెనీ వేసే 1,000 డాలర్లు, మీ జీతంలో కోత రెండూ జూలైకి వాయిదా వేయించండి. ప్లాన్ మార్చుకోనక్కర్లేదు. జనవరి నుంచి జూన్ దాకా వచ్చే బిల్లులు ఆవిడ ఎఫ్‌ఎస్‌ఏ నుంచే కట్టేయండి, ఎలాగూ అది ఖాళీ కావాలి.

ఖాళీ కావాలని ఊరికే అనలేదు. కొన్ని ఆఫీసుల్లో మిగిలిన ఎఫ్‌ఎస్‌ఏ సొమ్ము వాడుకోవడానికి రెండున్నర నెలల గడువు ఇస్తారు. కొన్నిచోట్ల కొంత సొమ్ము మరుసటి ఏడాదికి జరుగుతుంది. గడువు ఉండి, జూన్ 30 నాటికి ఖాతాలో డబ్బు మిగిలితే మీ అర్హత అక్టోబర్ 1 దాకా ఆగుతుంది. సాధారణ ఎఫ్‌ఎస్‌ఏలోకే సొమ్ము జరిగితే ఆ ఎఫ్‌ఎస్‌ఏ ఏడాదంతా మీ అర్హత పోతుంది. అందుకే క్లెయిములన్నీ పాసయి, బ్యాలెన్స్ సున్నా అయ్యేలా చూసుకోండి. జూలైలో ఆవిడ మళ్లీ అందులో చేరకూడదు. పళ్లకు, కళ్లకు మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ ఎఫ్‌ఎస్‌ఏ తీసుకుంటే ఇబ్బంది లేదు. పాప డేకేర్ కోసం ఉండే ఎఫ్‌ఎస్‌ఏ కూడా దీనికి అడ్డు కాదు.

ఇక ఎంత వేయాలి? 2026కి ఫ్యామిలీ పరిమితి 8,750 డాలర్లు. అర్హత నెలల లెక్కన వస్తుంది కాబట్టి జూలై నుంచి డిసెంబర్ దాకా ఆరు నెలలకు 4,375. కంపెనీ వేసేదీ ఇందులోనే, అంటే మీ వాటా 3,375. డిసెంబర్ 1న అర్హత ఉంటే ఏడాది మొత్తానికీ వేసుకోవచ్చనే వెసులుబాటు ఒకటుంది, ఆఫీసులో ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు. అది మీకు వద్దు. దాన్ని వాడుకుంటే 2027 డిసెంబర్ 31 వరకు ఇలాంటి ప్లాన్‌లోనే కొనసాగాలి. మధ్యలో ఇండియా విమానం ఎక్కితే, అదనంగా వేసిన 4,375 ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది, పైన 10 శాతం పన్ను. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే మొత్తం 1,400 డాలర్లు వదులుకున్నట్టే.

వేసేది జీతం నుంచే వేయండి. అలాగైతే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల 7.65 శాతం కూడా మిగులుతుంది (జీతం సోషల్ సెక్యూరిటీ పరిమితి దాటితే అంత ఉండదు). 2027 ఏప్రిల్ 15 దాకా సొంతంగానూ వేయొచ్చు గానీ అప్పుడు ఆదాయపు పన్నే తగ్గుతుంది.

నాన్నగారి ఆపరేషన్‌కు ఈ డబ్బు వాడకూడదు. మీరు, మీ భార్య, పన్ను లెక్కల్లో మీ మీద ఆధారపడినవాళ్లు, వీళ్ల ఖర్చులకే హెచ్‌ఎస్‌ఏ. అమెరికా పౌరులు కాని తల్లిదండ్రులు అమెరికా, కెనడా, మెక్సికోల్లో ఎక్కడో ఒకచోట రెసిడెంట్లు అయితే తప్ప ఆ లెక్కలోకి రారు. విజయవాడలో ఉన్న నాన్నగారికి నెలనెలా డబ్బు మీరే పంపుతున్నా ఇంతే. ఆయన బిల్లుకు 5,000 డాలర్లు తీశారనుకోండి, 22 శాతం లెక్కన 1,100 ఆదాయపు పన్ను, 20 శాతం జరిమానా 1,000, వెరసి 2,100 పోతుంది. పొదుపు ఖాతాలోంచి పంపడమే నయం. అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా దీంట్లోంచి కట్టకూడదు.

మీ సొంత వైద్యం ఇండియాలో చేయించుకుంటే మాత్రం చెల్లుతుంది. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి రూట్ కెనాల్ చేయించుకున్నారంటే ఆ ఖర్చు తీసుకోవచ్చు. డాక్టర్ పేరు, తేదీ, చేసిన వైద్యం ఉన్న రసీదు, ఆ రోజు డాలర్ రేటు దాచుకోండి. డాక్టర్ రాసిన మందులు అక్కడే కొని అక్కడే వాడితే సరే. సూట్‌కేసులో వేసుకొచ్చిన మందులకు మాత్రం కుదరదు, మనవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. ఖాతా తెరిచాక అయిన ఖర్చయితే డబ్బు వెంటనే తీయాలనీ లేదు, రసీదు ఉంటే ఏళ్ల తర్వాతైనా తీసుకోవచ్చు.

ఇండియా వెళ్లిపోయినా ఖాతా మీదే. కొత్తగా డబ్బు వేయలేరంతే. ఉన్న సొమ్మును అక్కడి మీ కుటుంబ వైద్యానికి అమెరికా పన్ను లేకుండా వాడుకోవచ్చు. 65 దాటాక వేరే అవసరాలకు తీసినా 20 శాతం జరిమానా ఉండదు, ఆదాయపు పన్ను మాత్రం ఉంటుంది. అయితే ఇండియాలో ఆర్డినరీ రెసిడెంట్ (పన్ను లెక్కల్లో పూర్తిస్థాయి నివాసి) అయ్యాక ఈ ఖాతాను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి. అందులో వచ్చే ఆదాయాన్ని అక్కడి పన్ను లెక్కలో ఎలా చూపాలో రెండు దేశాల పన్నులూ తెలిసిన సీఏతో మాట్లాడండి. బయలుదేరేముందు ఇంకో రెండు పనులు: భారతీయ చిరునామాతో ఖాతా కొనసాగిస్తారా అని ఆ సంస్థను అడగండి, బెనిఫిషియరీగా (మీ తదనంతరం ఖాతా చెందాల్సిన వ్యక్తిగా) మీ భార్య పేరు రాయించండి. భార్యకైతే ఖాతా హెచ్‌ఎస్‌ఏగానే బదిలీ అవుతుంది. వేరేవాళ్ల పేరు రాస్తే మొత్తం సొమ్ము ఆ ఏడాది వాళ్ల ఆదాయమవుతుంది.