డెమోలో లాభమొస్తే నిజంగా వస్తుందా?

ప్రశ్న: అన్నా, ఫోన్లో ఉత్తుత్తి డబ్బుల రౌలెట్ (తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో పడుతుందో పందెం కాసే ఆట) సిమ్యులేటర్ ఆడతా, ఓడినప్పుడల్లా పందెం డబుల్ చేస్తా ఉంటే రోజూ లాభమే వస్తాంది, ఈ పద్ధతి నమ్మొచ్చా?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: నమ్మొద్దు తమ్ముడూ. సిమ్యులేటర్ పనికొస్తుంది, కాకపోతే లక్షసార్లు తిప్పి చూడాల, నాలుగు రోజుల లాభం చూసి కాదు. యూరోపియన్ చక్రంలో 37 గళ్లుంటే ఎరుపు 18 మాత్రమే, నలుపు 18, మిగిలిన ఒక్కటి సున్నా, ఆ ఒక్క సున్నా వల్ల ఎట్లా ఆడినా సగటున వందకి 2.7 రూపాయలు పోతాయి. 100తో మొదలుపెట్టి వరసగా 10 సార్లు ఓడితే అప్పటికే 1,02,300 పోయుంటాయి, తర్వాతి పందేనికి ఇంకో 1,02,400 కావాల, అంత ఎక్కడ తెస్తావు, తెచ్చినా టేబుల్ లిమిట్ (ఒక్కసారికి ఇంతకు మించి కాయకూడదనే హద్దు) అడ్డొస్తుంది. డెమోలో అయితే రీసెట్ కొట్టేస్తాం, ఆ భయమే తెలీదు, నాకు బాధేసేది అదే. పైగా మన రాష్ట్రంలో 2020 నుంచి ఆన్‌లైన్ జూదం నేరం కూడా.