మార్గశిరంలో పెట్టలు గుడ్డు ఎందుకు మానేస్తాయి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కార్తీకం దాటినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పెరటి కోళ్ల మీద వరసగా ప్రశ్నలు పంపుతున్నారు. వాటిలో ఆరింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: పెరట్లో 12 గ్రామప్రియ పెట్టలున్నాయి. దసరా దాకా రోజుకు ఏడెనిమిది గుడ్లు వచ్చేవి. ఇప్పుడు రెండు మూడుకు మించడం లేదు. మేత మార్చలేదు, జబ్బూ కనిపించడం లేదు. చలి వల్లేనా? (బొబ్బిలి)

జవాబు: మీ వైపు రాత్రిళ్లు 15, 16 డిగ్రీలకు దిగినా ఎదిగిన పెట్టకు అదేమంత చలి కాదు. తగ్గింది వెలుతురు. డిసెంబరు మూడో వారంలో మీకు సూర్యోదయం సుమారు 6:20కి, అస్తమయం 5:25కి. అంటే పగలు పదకొండు గంటలే. గుడ్డు పెట్టమని పెట్ట ఒంటికి సంకేతం అందేది రోజుకు ఎంతసేపు వెలుగు ఉందన్న దాన్ని బట్టి. అది ఆగకుండా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉండాలి.

బల్బు పెట్టే ముందు పెట్టల వయసు చూడండి. ఏడాదిన్నర దాటిన పెట్టలు ఈ రోజుల్లో ఈకలు రాలుస్తాయి. మెడ మీద, తోక దగ్గర ఈకలు ఊడి, కొత్తవి ముళ్లలా పొడుచుకొస్తుంటే అదే సంగతి. రెండు మూడు నెలలు గుడ్డు ఉండదు. బల్బు వేసి వాటిని తొందరపెట్టకండి, మాంసకృత్తులు ఎక్కువున్న మేత పెట్టండి. ఈక తయారయ్యేది వాటితోనే. ఏ పెట్ట పెడుతోందో తెలుసుకోవడానికి రాత్రి గూట్లో పట్టుకుని, వెనక ద్వారానికి అటూ ఇటూ ఉన్న రెండు సన్నని ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు మూడు వేళ్లు పట్టి, ద్వారం వెడల్పుగా తడిగా ఉంటే పెడుతున్నట్టు. ఒక్క వేలే పట్టి, ద్వారం పొడిగా ముడుచుకుని ఉంటే మానేసినట్టు.

ఈకలు రాల్చని పెట్టలకు వెలుతురు పెంచవచ్చు. 60, 80 చదరపు అడుగుల గూటికి 5 వాట్ల పసుపు రంగు ఎల్‌ఈడీ బల్బు ఒకటి, ఆరడుగుల ఎత్తున కట్టండి. మేత తొట్టి దగ్గర కూర్చుంటే వార్తాపత్రిక చదవగలిగేంత వెలుగు చాలు. పొడిగింపు తెల్లవారుజామునే మంచిది. మొదటి వారం 5:30కి వేయండి. ఆపైన వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ 3:30 దగ్గర ఆపండి. అక్కడి నుంచి అస్తమయం దాకా 14 గంటలవుతుంది. సాయంత్రం పొడిగిస్తే వచ్చే చిక్కు ఏమిటంటే, బల్బు టక్కున ఆరగానే కోళ్లు దండె ఎక్కలేక నేల మీదే ఒకదాని మీద ఒకటి పడి నలుగుతాయి. లేచి స్విచ్ వేస్తామని అనుకోవద్దు, టైమర్ సాకెట్ కొనండి. ఒకరోజు 3:30కి, మరోరోజు 6 గంటలకు వెలిగితే అసలు వెలిగించకపోవడమే నయం. కరెంటు పోయే ఊళ్లలో చార్జింగు నిలిచే బల్బు వాడండి. మార్చి వచ్చాక కూడా ఒక్కసారిగా ఆపకుండా, వారానికి అరగంట చొప్పునే తగ్గించండి. 18 వారాలు నిండని పెట్టలకు మాత్రం ఈ వెలుతురు వద్దు. ఒళ్లు ఎదగకుండానే గుడ్డుకొచ్చి, చిన్న గుడ్లు పెడతాయి, ఒక్కోసారి గుడ్డు అడ్డుపడి చస్తాయి కూడా.

ఇంటి అవసరానికి నాలుగైదు పెట్టలే ఉన్నవారు బల్బు జోలికి పోకపోవడమే మా సలహా. వాటినీ రెండు నెలలు విశ్రాంతి తీసుకోనివ్వండి.

ప్రశ్న: మంచు పడుతోందని గూడు నాలుగు వైపులా టార్పాలిన్ కట్టేశాం. వారానికే కోళ్ల కళ్ల వెంట నీరు, ముక్కు కారడం, తుమ్ములు. ఇంకా గట్టిగా కప్పాలా? (నరసన్నపేట)

జవాబు: వెంటనే విప్పండి. ఒక్కో కోడి రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. అందులో చాలా భాగం ఊపిరిలో, రెట్టలో బయటికొస్తుంది. ఇరవై కోళ్లుంటే మూడు నాలుగు లీటర్ల తడి రోజూ గూట్లో చేరుతున్నట్టే. గాలి ఆడక ఆ తడి ఊకలో దిగుతుంది, తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా లేస్తుంది. అది కళ్లను, ఊపిరి గొట్టాన్ని మండించాక జలుబు క్రిములకు దారి దొరుకుతుంది. మీ కోళ్లకు జరిగింది ఇదే అయి ఉంటుంది.

గాలి పైనుంచి పోవాలి, కోడి ఒంటికి తగలకూడదు. చూరు కింద ఒక అడుగు మేర జాలీ ఎప్పుడూ తెరిచే ఉంచండి. గాలి కొట్టే ఉత్తరం, తూర్పు వైపుల కింది మూడడుగులకు గోనెపట్టాలు కట్టి, రాత్రి దించి, ఎండ పడగానే ఎత్తేయండి. టార్పాలిన్ తుపాను రోజులకు అట్టిపెట్టుకోండి; మీ తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దాని అవసరం రాకపోదు.

పొద్దున్నే గూట్లో కోడి ఎత్తుకు వంగి ఊపిరి పీల్చండి. మీకు కళ్లు మండితే కోళ్లు రాత్రంతా అందులోనే ఉన్నాయి. ఊక గుప్పెట్లో నొక్కితే ముద్ద కట్టి నిలిచిందా, తడి ఎక్కువ. ఆ మేర తీసేసి పొడి ఊక వేయండి. మిగిలినచోట పొడి సున్నం గుప్పెడు పలుచగా చల్లి తిరగేయండి. మొత్తం మీద మూడు నాలుగు అంగుళాల మందం ఉండాలి, వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. నీళ్ల గిన్నె రాత్రి గూట్లో ఉంచకండి. మూడు రోజుల్లో తుమ్ములు తగ్గకపోయినా, ముఖం వాచినా పశువుల డాక్టరుకు చూపించండి. మందుల షాపువాడిచ్చిన యాంటీబయోటిక్‌ను మోతాదు తెలియకుండా నీళ్లలో కలపవద్దు.

ప్రశ్న: ఊక బదులు కొబ్బరి పొట్టు పరవచ్చా? (కవిటి)

జవాబు: పరవచ్చు. ఉద్దానంలో అదే చవగ్గా దొరుకుతుంది కూడా. రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టండి, పొడవాటి పీచు ఏరేయండి. పీచు కాళ్లకు చుట్టుకుంటుంది, మింగితే మేత సంచిలో ఉండ కడుతుంది.

ప్రశ్న: నూకలు, తవుడు వేస్తున్నాం. గుడ్డు పెంకు పట్టుకుంటే చిట్లుతోంది. కొన్నిటికి పెంకే లేదు. ఎండు చేపలు వేస్తే బలమా? (చీపురుపల్లి)

జవాబు: నూకల్లో మాంసకృత్తులు ఎనిమిది శాతం మించవు, సున్నం దాదాపు లేదు. ఒక్కో పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. మేతలో అందకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీస్తుంది, అదీ అయిపోయాక తోలుగుడ్డు పెడుతుంది.

పది కిలోల మేతకు కొలత ఇది: మొక్కజొన్న రవ్వ 5 కిలోలు, తవుడు 1 కిలో 400 గ్రాములు, సోయా చెక్క కిలోన్నర, తెలగపిండి 800 గ్రాములు, ఉప్పు లేని ఎండు చేపల పొడి 300 గ్రాములు, ఆల్చిప్పల రవ్వ 900 గ్రాములు, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) పొడి 100 గ్రాములు. పైన ఉప్పు 30 గ్రాములు, విటమిన్ పొడి ప్యాకెట్ మీద రాసిన మోతాదులో. ఇందులో మాంసకృత్తులు 17 శాతం, కాల్షియం 4 శాతం దగ్గర ఉంటాయి. గూట్లోనే ఉండే పెట్టకు రోజుకు 110 గ్రాములు. పగలంతా తిరిగి మేసేదానికి 50 గ్రాములు చాలు, కానీ ఆల్చిప్పల రవ్వ వేరే గిన్నెలో ఎప్పుడూ ఉండాలి. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రిపూట కనుక సాయంత్రం ఆ గిన్నె నింపడం మరవకండి. రవ్వ జొన్న గింజంత ఉండాలి, మెత్తటి పొడి త్వరగా కడుపు దాటిపోతుంది. చలి రోజుల్లో గూడెక్కే ముందు గుప్పెడు చోళ్లు (రాగులు) గానీ గంటెలు (సజ్జలు) గానీ చల్లితే రాత్రికి ఒంట్లో వేడి నిలుస్తుంది.

ఎండు చేపల దగ్గర జాగ్రత్త. సంతలో దొరికే నెత్తళ్లు చాలావరకు ఉప్పు పట్టించినవే. ఉప్పు ఎక్కువైతే కోళ్లు నీళ్లు తెగ తాగి నీళ్లగా రెట్ట వేస్తాయి, ఊక తడిసిపోతుంది, మరీ ఎక్కువైతే కాళ్లు చచ్చుబడి చస్తాయి. నాలుక మీద పెట్టుకుని చూడండి. ఉప్పగా తగిలితే వద్దు. వేరుశెనగ చెక్క కూడా ఈ మంచు రోజుల్లో త్వరగా బూజు పడుతుంది. బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఎండబెట్టినా పోదు. పారేయాల్సిందే.

ప్రశ్న: సంక్రాంతికి ముందు సంతలో నాలుగు పెట్టలు కొనాలనుకుంటున్నాం. ఇంట్లో ఉన్నవాటికి టీకాలు వేయించలేదు. (రాజాం)

జవాబు: ముందు టీకా, తర్వాతే సంత. పండగ ముందు ఎక్కడెక్కడి కోళ్లో ఒకచోట చేరతాయి, కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధి) అంతకంటే అనువైన చోటు లేదు. ఎనిమిది వారాలు దాటి ఇంకా గుడ్డుకు రాని కోళ్లకు ఆ తెగులు రాకుండా ఆర్‌2బి టీకా అర మిల్లీలీటరు చర్మం కింద వేస్తారు. గుడ్లు పెడుతున్నవాటికి అది వేస్తే గుడ్లు పడిపోవచ్చు. వాటికి అదే తెగులుకు లసోటా అనే టీకాను కంటి చుక్కగా వేయడం నయం. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఇంటికి రావాలి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. సీసాలో వంద మోతాదులు ఉంటాయి గనుక వీధిలోవాళ్లంతా ఒకే రోజు వేయించుకోండి. టీకాకు వారం ముందు నులిపురుగుల మందు పట్టండి, నలతగా ఉన్నదానికి టీకా వద్దు.

కొన్నవాటిని మూడు వారాలు వేరే గంప కింద, ఇంటికి మరో వైపు ఉంచండి. ముందు పాతవాటికి మేత, తర్వాత కొత్తవాటికి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన విరేచనం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలిపడటం కనిపిస్తే కోసుకు తినడం, అమ్మేయడం చేయవద్దు. ఒకేసారి చాలా కోళ్లు చస్తే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

ప్రశ్న: 30 కోడిపిల్లలు తెచ్చాం. ఎల్‌ఈడీ బల్బు కింద ఉంచినా గుంపుగా నక్కి కీచుమంటున్నాయి. (శృంగవరపుకోట)

జవాబు: ఎల్‌ఈడీ వెలుగే గానీ వేడి ఇవ్వదు. పాత రకం ఫిలమెంటు బల్బులు కావాలి, పిల్లకు రెండు వాట్ల లెక్కన. ముప్పై పిల్లలకు 40 వాట్లవి రెండు పెట్టండి, ఒకటి మాడినా ఇంకొకటి ఉంటుంది. అడుగున్నర ఎత్తు అట్టతో గుండ్రంగా చుట్టూ కంచె కట్టి, బల్బులను నేలకు అడుగు పైన వేలాడదీయండి. మొదటి వారం పిల్లల ఎత్తున 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడు డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. బల్బు కింద గుంపు కడితే చలి, కంచెకు అతుక్కుని నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా చెదిరి మేస్తుంటే సరిపోయినట్టు. కరెంటు పోతే కుండలో వేడినీళ్లు పోసి గోనె చుట్టి మధ్యలో పెట్టండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దు, ఆ పొగకు తెల్లారేసరికి ఒక్క పిల్లా మిగలదు, ఆ గదిలో పడుకున్న మనుషులకూ అదే ముప్పు.