డాక్టర్ సలహా: ఎన్నికల విధుల్లో కరోనా సోకకుండా ఏం చేయాలి?

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. వయసు 51. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. 2020 డిసెంబర్ 1న జరిగే గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఎన్నికలకు నన్ను పోలింగ్ అధికారిగా వేశారు. ఈసారి ఈవీఎంలు లేవు, బ్యాలెట్ పత్రాలే. అందరి చేతులూ తగిలే కాగితాల వల్ల కరోనా అంటుకుంటుందేమోనని భయంగా ఉంది. మా అమ్మగారికి 74 ఏళ్లు. ఆవిడ కూడా వెళ్లి ఓటు వేస్తానంటున్నారు. దయచేసి సలహా ఇవ్వగలరు.
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ భయం అర్థం చేసుకోదగినదే, కానీ అది ఉండాల్సిన చోట కాకుండా మరోచోట ఉంది. బ్యాలెట్ పత్రం కట్టలో నుంచి మీ చేతికి, మీ చేతి నుంచి ఓటరుకు, అక్కడి నుంచి నేరుగా పెట్టెలోకి వెళుతుంది. ఓటరు ముట్టుకున్న పత్రం తిరిగి మీ దగ్గరకు రాదు. ఓటర్ల చేతుల మీదుగా మీకు వచ్చేవి గుర్తింపు కార్డు, స్లిప్పు, సంతకం చేసే పెన్ను, స్వస్తిక్ ముద్ర వేసే రబ్బరు స్టాంపు మాత్రమే. వీటిని ముట్టుకున్నాక ముఖం తాకకుండా, మధ్యమధ్య శానిటైజర్ రాసుకుంటే చాలు. అయితే పత్రాలు విడదీయడానికి వేలు నాలుకకు తడి చేసుకునే అలవాటు మన ఆఫీసుల్లో చాలామందికి ఉంది. మీకూ ఉంటే ఆ రోజు తప్పకుండా మానండి; తడి స్పాంజి ఒకటి వెంట తీసుకెళ్లండి.

అసలు ప్రమాదం గాలిలో ఉంది. తలుపులు మూసిన గదిలో గంటల తరబడి మాట్లాడే మనుషుల మధ్య కూర్చోవడమే ఈ జబ్బుకు అన్నిటికన్నా అనువైన పరిస్థితి. పోలింగ్ గదిలో ఓటరు పేరు, క్రమసంఖ్య పార్టీల ఏజెంట్లకు వినపడేలా గట్టిగా చదవాలి కదా? గట్టిగా మాట్లాడినప్పుడు నోటి నుంచి తుంపరలు మామూలుకన్నా ఎక్కువగా వస్తాయి. మాస్కు అడ్డమై మాట సరిగా వినపడటం లేదని అధికారి దాన్ని గడ్డం కిందికి లాగుతారు, ఏజెంటు కూడా లాగి మారు ప్రశ్న వేస్తారు, ముఖం పోల్చుకోవాలంటే ఓటరు కూడా మాస్కు దించాల్సిందే. ముగ్గురి ముఖాలకూ ఒకేసారి మాస్కు లేని ఆ కొన్ని క్షణాలను తగ్గించడమే మీరు చేయగలిగిన అతి ముఖ్యమైన పని. పేరు చదివాక క్రమసంఖ్యను కాగితం మీద పెద్ద అంకెలతో రాసి చూపించే ఏర్పాటుకు ప్రిసైడింగ్ అధికారి, ఏజెంట్లు ఒప్పుకుంటారేమో పోలింగ్ మొదలవకముందే అడగండి. ఓటరు మాస్కు దించేటప్పుడు మీరు కాస్త వెనక్కి జరిగి కూర్చోండి, అప్పుడు ఆయనను మాట్లాడించకండి.

పోలింగ్ సామగ్రి తీసుకోవడానికి ముందురోజు వెళ్లే పంపిణీ కేంద్రం, అక్కడి నుంచి ఎక్కే బస్సు, రాత్రి కేంద్రంలోనే సిబ్బంది అంతా కలిసి తినే భోజనం, ఈ మూడింటినీ పోలింగ్ గది కన్నా ఎక్కువ అనుమానంతో చూడాలని నా అభిప్రాయం. ఓటరు మీ ముందు రెండు నిమిషాలు ఉంటారు. తోటి ఉద్యోగి పక్కన మీరు ఒకటిన్నర రోజు ఉంటారు. బస్సులో కిటికీలు తెరిపించండి. భోజనం వరండాలోనో ఆవరణలోనో, ఒకరికొకరు దూరంగా కూర్చుని, వంతులవారీగా చేయండి. గదిలోకి వెళ్లగానే ఎదురెదురు కిటికీలు తెరవండి, ఫ్యాన్ గాలి తలుపు వైపు పోయేలా చూసుకోండి.

మాస్కు ఎన్95 అయితే మంచిది, కానీ కవాటం (వాల్వ్) ఉన్నది కొనకండి. మీరు వదిలే గాలిని అది వడకట్టదు. కేంద్ర ఆరోగ్యశాఖ కూడా 2020 జూలైలో దాన్ని వద్దని చెప్పింది. ఫేస్ షీల్డ్ మాస్కుకు తోడుగానే తప్ప బదులుగా పనికిరాదు. గ్లౌజులు రోజంతా వేసుకుని అదే చేత్తో కళ్లు నులుముకోవడం కన్నా, ఉత్త చేతులను తరచూ శుభ్రం చేసుకోవడమే మేలు. గుమ్మం దగ్గర జ్వరం చూసే పరికరాన్ని అతిగా నమ్మకండి. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందే మనిషి ఇతరులకు వైరస్ అంటించగలడు, అప్పుడు ఒళ్లు చల్లగానే ఉంటుంది.

ఈ ఎన్నికలకు నగరం మొత్తం మీద 150 డివిజన్లలో 9,101 కేంద్రాలు, 74 లక్షలకు పైగా ఓటర్లు ఉన్నారు. అంటే కేంద్రానికి సగటున 820 మంది. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు సమయం ఉంది కాబట్టి, సగం మంది వచ్చినా గంటకు 40 లోపే. వాళ్లంతా ఒకే వేళకు రాకుండా చూడటం, రాకపోకలకు వేర్వేరు దారులు ఉంచడం అధికారుల వల్ల అయ్యే పనులే. దక్షిణ కొరియాలో 2020 ఏప్రిల్ 15న జరిగిన ఎన్నికల్లో మూడింట రెండొంతుల మంది ఓటేశారు; జ్వరం 37.5 డిగ్రీల సెల్సియస్ దాటినవారికి వేరే చోట, క్వారంటైన్‌లో ఉన్నవారికి పోలింగ్ ముగిశాక అవకాశం ఇచ్చారు. 2020 బిహార్ అసెంబ్లీ ఎన్నికల్లో కేంద్రానికి వెయ్యికి మించి ఓటర్లు ఉండకూడదని కేంద్ర ఎన్నికల సంఘం నియమం పెట్టింది. జాగ్రత్తగా చేస్తే ఎన్నికలు నడపవచ్చు. అందుకే అమ్మగారిని ఆపమని నేను చెప్పను. వరుస పలచబడే మధ్యాహ్నం వేళ, ముఖం చూపించమన్న క్షణం తప్ప మాస్కు తీయకుండా వెళ్లి, ఓటేసి, ఎవరితోనూ మాట్లాడుతూ నిలబడకుండా ఇంటికి రమ్మనండి. వేలికి సిరా వేసేముందు శానిటైజర్ పూర్తిగా ఆరాలి, వేశాక సిరా ఆరేదాకా మళ్లీ రాసుకోకూడదు.

ఇక మీ షుగర్ సంగతి. విధులకు ముందే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. అదుపులో లేకపోయినా, గుండె లేదా కిడ్నీ జబ్బు తోడుగా ఉన్నా, వైద్యుడి పత్రంతో మినహాయింపు కోరడానికి మొహమాటపడవద్దు. వెళ్లేటట్లయితే రెండు రోజుల మాత్రలు, బిస్కెట్లు, కాస్త చక్కెర జేబులో ఉంచుకోండి. మాత్ర వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానకండి.

ఇంటికి వచ్చాక స్నానం చేసి, పది రోజుల పాటు అమ్మగారితో ఒకే గదిలో పడుకోవడం, పక్కన కూర్చుని తినడం మానండి. మాట్లాడేటప్పుడు ఇద్దరూ మాస్కు పెట్టుకోండి. లక్షణాలు లేకపోయినా డిసెంబర్ 6, 8 తేదీల మధ్య ఒకసారి పరీక్ష చేయించుకోండి. మొదటి రెండు రోజుల్లోనే చేయిస్తే సోకినా నెగెటివ్ రావచ్చు. ఈ 2020లో అర్బన్ హెల్త్ సెంటర్లలో ర్యాపిడ్ పరీక్ష ఉచితమే, కానీ జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం లాంటివి ఉండి అందులో నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ తప్పనిసరి. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. అందులో 94 లేదా అంతకన్నా తక్కువ కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.