ఆప్షన్ల మీద సెబీ ఆంక్షలు సరైనవేనా? మా ఇంట్లో పోయిన రెండు సొమ్ముల సంగతి

“లాట్ సైజు పెంచి చిన్న మదుపరులను సెబీ బయటకు నెట్టేసింది, మన డబ్బు మనం ఎక్కడ పెట్టుకుంటే వారికేమిటి, మీ ఊళ్లలో జనం ఏమనుకుంటున్నారు” అని మీరు అడిగారు. సెబీ అంటే షేర్ల మార్కెట్టును నియంత్రించే సంస్థ. ఆప్షన్ అంటే ఒక షేరును గాని సూచీని గాని ఫలానా తేదీన ఫలానా ధరకు కొనే లేదా అమ్మే హక్కు, లాట్ అంటే అందులో ఒక్కసారికి కొనవలసిన కనీస యూనిట్ల సంఖ్య. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కామర్స్ పాఠాలు చెబుతాను, మాది నరసన్నపేట. మా ఇంట్లో డబ్బు రెండుసార్లు పోయింది, రెండుసార్లూ రెండు రకాలుగా పోయింది కనుక నా అభిప్రాయం ఆ తేడా నుంచే వచ్చింది.

మొదటిది మా నాన్నగారిది. సుమారు పదిహేనేళ్ల కిందట, మాకు వరసకు బాబాయి అయ్యే ఒకాయన ఏజెంటుగా చేరిన కంపెనీలో ఆయన నెలకు వెయ్యి రూపాయల చొప్పున కట్టారు. గడువు తీరాక రెట్టింపు సొమ్ము గాని, ఇంటి స్థలం గాని ఇస్తామన్నారు. శాఖ కార్యాలయంలో మేనేజరు కుర్చీ వెనుక, వెంకటేశ్వరస్వామి పటం పక్కన, అద్దం కట్టించిన ధ్రువపత్రం ఒకటి వేలాడేది. “రిజిస్టర్డ్ కంపెనీ, అన్నయ్యా” అని బాబాయి దాన్ని వేలితో చూపించడం నాకు ఇప్పటికీ గుర్తుంది. అది కంపెనీల చట్టం కింద ఆ కంపెనీ ఏర్పడిందని చెప్పే కాగితమే తప్ప జనం దగ్గర డిపాజిట్లు పుచ్చుకోవడానికి అనుమతి కాదు. ఆ తేడా అప్పటికే బీకాం పూర్తిచేసిన నాకే తట్టలేదు. ఒకనాడు ఆ కార్యాలయానికి తాళం పడింది. బాబాయి సొంత సొమ్ము కూడా అందులోనే ఇరుక్కుపోవడంతో ఆయనను ఒక మాట అనడానికి కూడా నోరు రాలేదు. డిపాజిటర్ల రక్షణ చట్టం మన రాష్ట్రంలో 1999 నుంచి ఉంది గాని, దాని బలమంతా సొమ్ము ఎగవేశాక ఆస్తులు జప్తు చేయడంలోనే ఉంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను మొదటే నిషేధించే కేంద్ర చట్టం 2019లో గాని రాలేదు.

రెండోది నా నిర్వాకం. 2023లో నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఆప్షన్లు కొనడం మొదలుపెట్టాను. ఇక్కడ నా దగ్గర దాచినదేమీ లేదు. ధరలు క్షణక్షణమూ కనిపించేవి, బ్రోకరేజీ, పన్నులు పైసలతో సహా కాంట్రాక్టు నోటులో వచ్చేవి. ఆ ఏడాది జూలై నుంచి సెబీ ఆదేశం ప్రకారం, ఈ విభాగంలో ప్రతి పదిమంది వ్యక్తిగత ట్రేడర్లలో తొమ్మిదిమంది నష్టపోయారన్న హెచ్చరిక కూడా యాప్‌లోకి వెళ్లగానే తెర మీదకు వచ్చేది. అర్థమైందని ఒక మీట నొక్కితే గాని లోపలికి పోనివ్వదు. నేను రోజూ నొక్కాను. గురువారం ఎక్స్‌పైరీ (ఆప్షన్ల గడువు తీరే రోజు) నాడు రెండో పీరియడుకూ మూడో పీరియడుకూ నడుమ, స్టాఫ్ రూములో జవాబు పత్రాల కట్ట చాటున ఫోను పెట్టుకుని, మరీ నొక్కాను. పద్నాలుగు నెలల్లో లక్షా అరవై వేలు పోయాయి.

2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం చదివాక నా వంటివారు ఎందరో తెలిసింది: 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ ఏడాది నవంబరు 20 నుంచి వచ్చిన కొత్త కాంట్రాక్టుల్లో నిఫ్టీ లాట్ 25 నుంచి 75కు పెరిగింది. అంటే ఒక్కో యూనిట్‌కు ప్రీమియం, అంటే ఆప్షన్ ధర, వంద రూపాయలుంటే, 2,500 రూపాయలతో ఆడే ఆటకు ఒక్కసారిగా 7,500 కావలసి వచ్చింది. నాకు ఆ రోజు సెబీ మీద మీకున్నంత కోపమూ వచ్చింది, కానీ ఆగిపోయాను. నా సహోద్యోగి ఒకాయన మాత్రం ఆగకుండా పీఎఫ్ నుంచి సొమ్ము తీసి మరీ పెద్ద లాట్లు కొన్నాడు కనుక, ఈ మందు అందరికీ పనిచేసిందని నేను అనలేను. 2024-25లో కూడా 91 శాతం మంది నష్టపోయారని సెబీయే చెప్పింది.

జనాభిప్రాయం అంటారా, మా విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర టీ దుకాణంలో “మన డబ్బు మన ఇష్టం” అన్న నోరే, సొమ్ము పోయిన మర్నాడు “గవర్నమెంటు ఏం చేస్తోంది” అంటుంది. ఆ రెండు మాటలూ నేనూ అన్నాను. నా లెక్కలో మా నాన్నగారి నష్టం, నా నష్టం ఒకే గాటన కట్టేవి కావు. నిజం తెలిసీ కొనే స్వేచ్ఛ నాకుండాలి, దాని నష్టం కూడా నాదే కావాలి. ఆయనకు ఎవరూ నిజమే చెప్పలేదు కనుక అక్కడ ఎంచుకోవడమన్న మాటే లేదు. అందుకే కొనేవాడి చేయి పట్టుకోవడం కంటే అమ్మేవాడి నోటికి కళ్లెం వేయడం ముఖ్యమనుకుంటాను. పాఠాల పేరుతో షేర్ల గురించి చెప్పేవారు ఆ ముసుగులో ఇప్పుడు ఏది కొనాలో చెప్పకుండా, గత మూడు నెలల ధరలను వాడకూడదని 2025 జనవరిలో సెబీ పెట్టిన నిబంధన, నాకు లాట్ సైజు కంటే ఎక్కువ నచ్చింది.

మొన్న మా విద్యార్థి ఒకడు షేర్ల టిప్పులిచ్చే టెలిగ్రామ్ ఛానెల్ చూపించి, “సార్, ఇది సెబీ రిజిస్టర్డే” అన్నాడు. ఐఎన్‌హెచ్ అక్షరాలతో మొదలయ్యే నంబరు కూడా అందులో ఉంది. ఇద్దరం కూర్చుని సెబీ వెబ్‌సైటులోని రీసెర్చ్ అనలిస్టుల (షేర్ల మీద సిఫారసులు ఇవ్వడానికి సెబీ దగ్గర నమోదైనవారి) జాబితాలో ఆ నంబరు వెతికితే వేరే రాష్ట్రంలో వేరే పేరు వచ్చింది. నెల రుసుము వాడు అప్పటికే కట్టేశాడు. సెబీ ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు చేద్దామన్నాడు గాని, అది నమోదైన సంస్థల మీద ఫిర్యాదులకు ఉద్దేశించినది కనుక, సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయించాను.