పాత కీర్తనలకు కాపీరైట్ చిక్కు: సమాధానం

సహోదరునికి వందనాలు. జమ్మలమడుగులో మీరు కేబుల్‌పై నడుపుతున్న చిన్న క్రైస్తవ ఛానల్‌లో ఉదయం వచ్చే కీర్తనలు పాతవే అయినా, అదే కార్యక్రమాన్ని యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ ఎందుకు వస్తున్నదని అడిగారు. కీర్తనకు, దాని రికార్డింగుకు హక్కులు వేర్వేరుగా ఉండటమే దీనికి కారణం. మన చట్టం ప్రకారం రచనపై హక్కు రచయిత మరణించాక 60 ఏళ్ల వరకే ఉంటుంది కనుక, 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను ఎవరైనా పాడుకోవచ్చు. అయితే మీరు వాడుతున్నామన్న సీడీ వంటి ఇటీవలి రికార్డింగుపై, అది విడుదలైన నాటి నుండి లెక్కించే మరో 60 ఏళ్ల హక్కు దానిని తయారు చేసినవారికి ఉంటుంది.

కాబట్టి మీ సంఘంలోని గాయక బృందం చేతనే, హార్మోనియం, తబలాలతో, పాత బాణీలోనే పాడించి రికార్డు చేసుకోండి. స్టూడియో అక్కరలేదు, ఫ్యాన్లు ఆపితే చాలు (మే నెలలో మన కడప జిల్లాలో అదే పెద్ద కష్టమనుకోండి). గాయకులకూ ప్రత్యేక హక్కు ఉన్నందున వారి అంగీకారాన్ని కాగితంపై తీసుకోండి. అప్పటికీ క్లెయిమ్ వస్తే, ఇది సొంత రికార్డింగని తెలుపుతూ అభ్యంతరం నమోదు చేయండి. అవతలివారు 30 రోజుల్లో స్పందించకపోతే అది తొలగిపోతుంది. కేబుల్‌లో ఎవరూ అడగలేదు కదా అని అక్కడ ఆ సీడీనే కొనసాగించడం మాత్రం నాకు సరిగా తోచదు. చట్టం ఆ ప్రసారానికీ వర్తిస్తుంది.