సీఎస్ఈ వద్దు, కాగ్నిటివ్ సైన్స్ అంటోంది మా అమ్మాయి

ప్రశ్న: పాప ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఎవరు ఎలా ఆలోచిస్తారో కంప్యూటర్ మోడల్‌తో ముందే చెప్పే చదువు కావాలంటోంది. మేం మేనేజ్‌మెంట్ కోటాలో అయినా సీఎస్ఈ ఏఐ ఇప్పిద్దామనుకుంటున్నాం. రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి, కావలి

జవాబు: పోల్చి చెప్పమన్నారు, చెప్తాను గానీ, మీ అసలు టెన్షన్ అది కాదు కదా. చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి, రేపు పిల్ల ఖాళీగా కూర్చుంటే ఎట్లా అని. ఏటా ఇదే ప్రశ్న వస్తుంది, కోర్సు పేరే మారుతుంది.

ముందు ఆ చదువేంటో చూడండి. 'మా వీధిలో కొందరు టీచర్లు, టీచర్లలో కొందరికి స్కూటీ ఉంది, అయితే మా వీధిలో కొందరికి స్కూటీ ఉన్నట్టేనా?' చాలామంది ఔనంటారు. నిజానికి అలా తేల్చలేం, ఆ స్కూటీ టీచర్లంతా ఒంగోల్లో ఉండొచ్చు. 'అందరూ', 'కొందరు', 'ఎవరూ కాదు' లాంటి మాటలు మార్చి చేసే ఇలాంటి వాక్యాల జతలు తర్కశాస్త్రంలో 64 రకాలు. ఫలానా మనిషి కొన్నింటికి ఇచ్చిన జవాబులు చూసి, తర్వాతి దానికి ఏమంటాడో మోడల్ చెప్పాలి. చెరువులో మొత్తం ఎన్ని టన్నుల రొయ్యలు వస్తాయో అంచనా వేయొచ్చు, ఫలానా రొయ్య బతుకుతుందా అంటే ఎవరు చెప్తారు? కష్టమంతా అక్కడే. ఎక్కువమంది ఇచ్చే జవాబునే అందరికీ అంటగట్టే మొద్దు పద్ధతిని దాటడానికే పేరున్న సిద్ధాంతాలు తంటాలు పడ్డాయి.

2025లో నేచర్ అనే సైన్స్ పత్రికలో, మనుషులు ఏమంటారో ముందే చెప్పే సెంటార్ అనే మోడల్ గురించి వచ్చింది. 160 ప్రయోగాల్లో 60 వేల మందికి పైగా తీసుకున్న కోటికి పైగా నిర్ణయాలతో, చాట్‌జీపీటీ తరహాలో ఉండే లామా అనే భాషా మోడల్‌కి శిక్షణ ఇచ్చి చేశారు. అది చూసి మనిషి మనసు దొరికిపోయిందని ఊదరగొట్టేవాళ్లను చూస్తే నాకు చిరాకు. జవాబు ముందే చెప్పడం వేరు, మనిషి అలా ఎందుకన్నాడో చెప్పడం వేరు. ఈ రెండోదాని మీద పరిశోధకులే ఇంకా కొట్టుకుంటున్నారు. కాబట్టి ఫ్యాషన్ చూసి దిగేవాళ్లకు ఇది పనికిరాదు.

మీ పిల్ల అలా దిగుతోందా? మీ మెసేజ్‌లో కోటా ఫీజు గురించి ఉంది గానీ, ఆమెకిది ఎందుకిష్టమో ఒక్క ముక్క లేదు. అడగలేదా, అడిగినా వినలేదా? బ్రాంచి పేరులో ఏఐ ఉందని లక్షలు పోయడానికి సిద్ధపడ్డారే, ఆ సిలబస్ ఒక్కసారైనా తెరిచారా?

భయపడకండి, ఏ దారీ మూసుకుపోదు. ఈ పేరుతో నెల్లూరులో ఉద్యోగం దొరకదు, నిజమే. కానీ డిగ్రీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా చదివిన పిల్లకు డేటా ఉద్యోగాలకూ వెళ్లే వీలుంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్, కాగ్నిటివ్ సైన్సెస్‌కి ఒక సెంటరే ఉంది, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. బీటెక్ అయ్యాక కూడా అటు వెళ్లొచ్చు. ఈఏపీసెట్ రాయనివ్వండి, వచ్చిన ర్యాంకుతో మామూలు సీఎస్ఈ వచ్చినా సరే, బీఎస్సీ అన్నా సరే. కోటా డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి.