ఇంటి డెకరేషన్‌కి మంచి ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి? మాది అనంతపురం

పింటరెస్ట్, ఇన్‌స్టా చూడండి, తప్పేం లేదు, కాకపోతే "లివింగ్ రూమ్" అని ఊరికే కొడితే తెల్ల గోడలూ తెల్ల సోఫాలే వస్తాయి, మన దుమ్ముకి అవి ఎన్నాళ్ళుంటాయో మీకే తెలుసు. అందుకే నల్ల బండల ఫ్లోర్, చిన్న హాలు, ఇత్తడి సామాన్లు అని మీ ఇంట్లో ఉన్నవే పెట్టి వెతకండి, నచ్చినవి సేవ్ చేసుకుంటా పోండి, ఒక 30 అయినాక అన్నీ కలిపి చూస్తే మీకు ఏ రంగులు పదేపదే నచ్చుతున్నాయో తెలిసిపోతుంది.

నన్నడిగితే ఫోన్లో కంటే బయటే ఎక్కువ సరుకుంది. లేపాక్షి వీరభద్రస్వామి గుడికి పోయి తలెత్తి చూడండి, పైకప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన రంగుల బొమ్మల్లో ఎర్రమట్టి రంగు, పసుపు, నలుపు, తెలుపు ఎట్లా కలిపినారో, ఆ బొమ్మల్లోని చీరల అంచులైతే మరీ బాగుంటాయి, అవే రంగులు కర్టెన్లకీ దిండు గలీబులకీ తీసుకోవచ్చు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళు అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు కూడా చేస్తారు, లైటు వేస్తే రంగులు భలే మెరుస్తాయి, హాల్లో ఒక్కటి చాలు (ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, వేడి బల్బు వద్దు). పాత ధర్మవరం పట్టుచీర ఉంటే అంచు ఫ్రేము కట్టించొచ్చు, అమ్మనడిగి.

బండల షాపులో కడప నల్లబండ, బేతంచెర్ల బండ మిగులు ముక్కలు అడగండి, షెల్ఫులకి పనికొస్తాయి.

పెయింట్ మాత్రం స్క్రీన్ మీద చూసి ఖాయం చేయొద్దు, ఫోన్లో రంగు వేరే, గోడ మీద రంగు వేరే, కొంచెం పూసి పగలొకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూసినాకే డబ్బా కొనండి.